'మీ ఇష్టం' అంటే కష్టమే!

కాఫీయా, టీయా? కిటికీ పక్క సీటా, నడవ పక్క సీటా? హైదరాబాదా, బెంగళూరా? అడిగేది చిన్న ప్రశ్నే. అదే ఇంగ్లీషులో అడిగేసరికి మనలో చాలామంది నోట వచ్చే జవాబు ఒక్కటే... 'ఎనీథింగ్ ఈజ్ ఓకే'! నిజంగానే ఏదైనా ఓకేనా? లేక ఏది కావాలో చెప్పడం రాకనా?

కూతురి పురిటికని అమెరికా బయల్దేరింది ఓ అమ్మ. విమానం ఎక్కడం అదే మొదటిసారి. ట్రాలీ తోసుకుంటూ వచ్చిన ఎయిర్‌హోస్టెస్ నవ్వుతూ అడిగింది... 'టీ ఆర్ కాఫీ, మేడమ్?' అని. 'ఎస్' అందావిడ. ఆ అమ్మాయి మళ్లీ అడిగింది. 'ఎస్, ఎస్' అని ఈవిడ తలూపింది. చేతికి టీ కప్పు వచ్చింది. పొద్దున్నే ఫిల్టర్ కాఫీ పడందే కళ్లు తెరవని మనిషి ఆవిడ. రెండు గుక్కలు తాగి, మిగిలింది అలాగే వదిలేసింది.

బీటెక్ పూర్తిచేసిన కుర్రాడు. ఇంటర్వ్యూ బాగా జరిగింది. చివర్లో అడిగారు... 'వేర్ వుడ్ యూ ప్రిఫర్ టు వర్క్?' నాన్నకు ఒంట్లో బాగుండటం లేదు, హైదరాబాద్ అయితే వారం వారం ఇంటికెళ్లొచ్చు... అని మనసులో ఉంది. నోట్లోంచి మాత్రం 'ఎనీవేర్ ఈజ్ ఓకే, సర్' అని వచ్చేసింది. ఆర్డరు చూసుకుంటే పోస్టింగు గురుగ్రామ్‌లో!

బెంగళూరులో కొడుకు దగ్గర ఉంటున్న ఓ పెద్దాయన. మోకాళ్ల నొప్పులు. డాక్టరుకు తెలుగు రాదు. 'ముందు ఫిజియోథెరపీ చేసి చూద్దామా, లేక ఆపరేషనుకు వెళ్దామా, మీకేది మంచిదనిపిస్తోంది?' అని ఇంగ్లీషులో అడిగాడు. ఆయనకేమో కత్తి అంటేనే భయం. అయినా 'యాజ్ యూ లైక్, డాక్టర్' అన్నాడు. కాళ్లు ఆయనవి... ఇష్టం మాత్రం డాక్టరుది!

ఊళ్లు వేరు కావచ్చు, మనుషులు వేరు కావచ్చు. ఇలాంటి సన్నివేశాలు మాత్రం మన ఇళ్లలో కొత్తేం కాదు. మరి వీళ్లకు ఇంగ్లీషు రాదా అంటే అలాగనీ కాదు. పేపరు చదువుతారు. అడిగింది అర్థమవుతుంది. అర్థం కానిదల్లా ఒక్కటే... 'నాకిది కాదు, అది కావాలి' అని మర్యాదగా చెప్పడమెలా అన్నది.

అలాగని తెలుగువాళ్లకు ఇష్టాయిష్టాలు చెప్పడం చేతకాదా? భలేవారే! 'వంకాయ అయితే గుత్తివంకాయే, ఇంకేదీ వద్దు' అని తేల్చేస్తాం. 'బస్సులో నిలబడి వెళ్లేకంటే ఇంట్లో కూర్చోవడం నయం' అంటాం. 'ఆ మాట పడేకంటే పస్తుండటం మేలు' అని శపథాలూ చేస్తాం. ఒక్క ఏకారం తగిలిస్తే చాలు. 'కాఫీయే' అన్నామంటే ఇంక టీ ఊసెత్తడానికి వీల్లేదు. తెలుగులో ఇంత దర్జాగా ఎంచుకునేవాళ్లం ఇంగ్లీషులోకి వచ్చేసరికి తడబడటానికి కారణాలున్నాయి. అవి తెలిస్తే సగం బెరుకు అక్కడే పోతుంది.

ఇష్టం వేరు... కావాలి వేరు

మొదటి చిక్కు 'లైక్' దగ్గరే. 'వుడ్ యూ లైక్ సమ్ కాఫీ?' అని అడిగితే 'ఎస్, ఐ లైక్ కాఫీ' అంటారు చాలామంది. తప్పేముంది అనిపిస్తుంది. అడిగినాయనకు మాత్రం వింతగా వినిపిస్తుంది. ఎందుకంటే 'ఐ లైక్ కాఫీ' అంటే కాఫీ అంటే నాకిష్టం అని... అది అలవాటు గురించి చెప్పే మాట. ఇప్పుడు కావాలో వద్దో అందులో లేదు. 'ఐడ్ లైక్ కాఫీ' అంటే ఇప్పుడు నాకు కాఫీ కావాలండీ అని. తేడా అంతా ఆ చిన్న 'డ్'లోనే ఉంది. అది 'వుడ్' అనే మాటకు పొట్టి రూపం.

నిజానికి ఈ తేడా తెలుగువాళ్లకు కొట్టిన పిండి. 'నాకు మామిడిపండు ఇష్టం' అన్నదానికీ 'నాకు మామిడిపండు కావాలి' అన్నదానికీ తేడా మూడేళ్ల పిల్లాడు కూడా చెబుతాడు. లెక్క సులువు. 'ఇష్టం' అనదలచుకుంటే 'ఐ లైక్', 'కావాలండీ' అనదలచుకుంటే 'ఐడ్ లైక్'. అంతే!

ఇక్కడే ఓ తమాషా సంగతి. 'నాకు కాఫీ ఇష్టం' అనే వాక్యంలో కర్త కాఫీ. మనిషి 'నాకు' అంటూ పక్కన నిలబడతాడు. ఇంగ్లీషులో అలా కాదు, 'నేను' అంటూ మనిషే ముందుంటాడు. అయితే ఆ భాష మొదట్నుంచీ ఇలాగే లేదు. వందల ఏళ్ల కిందటి ఇంగ్లీషులో 'లైక్' అనే క్రియకు 'నచ్చు' అన్నదే అర్థం. నచ్చిన వస్తువే కర్త, మనిషి 'నాకు' రూపంలోనే ఉండేవాడు. అంటే అప్పటి ఇంగ్లీషువాళ్లు కూడా అచ్చం మనలాగే 'నాకది నచ్చుతుంది' అనేవారన్నమాట! కాలం గడిచేకొద్దీ మనిషి ముందుకొచ్చాడు, వస్తువు వెనక్కి వెళ్లింది.

ఇంతకీ 'అండి' ఎక్కడ?

'ఐ వాంట్ కాఫీ' అంటే తప్పా? వ్యాకరణం ప్రకారం తప్పేం లేదు. కానీ కొత్తవాళ్ల దగ్గర అది కాస్త గద్దించినట్టే ఉంటుంది. 'కాఫీ కావాలి' అని హోటల్లో మొహం మీద అన్నట్టు. మనమైతే 'కాఫీ కావాలండీ' అంటాం. ఆ ఒక్క 'అండి' వాక్యం మొత్తానికి మర్యాద అద్దుతుంది. ఇంగ్లీషులో 'అండి' లేదు. 'నువ్వు', 'మీరు' అన్న తేడా కూడా లేదు. మరి ఆ మర్యాదంతా ఎక్కడికి పోయింది? 'వుడ్', 'కుడ్', 'ప్లీజ్'... ఈ మాటల్లోకి చేరింది. 'ఐడ్ లైక్ కాఫీ, ప్లీజ్' అంటే 'కాఫీ ఇప్పిస్తారాండీ' అన్నంత మర్యాద.

మన అమ్మమ్మలు, తాతయ్యలు ఇంగ్లీషు మాట్లాడితే ఒక్కోసారి కటువుగా వినిపించేది ఇందుకే. వాళ్లు మనసులో 'అండి' పెట్టుకునే మాట్లాడతారు. వాక్యంలో మాత్రం దానికి చోటు దొరకదు. చోటు చూపిస్తే చాలు.

'కంటే' తెచ్చిన తంటా

ఇక అసలు ఘట్టం... రెండింట్లో ఒకదాన్ని ఎంచుకోవడం. 'నాకు టీ కంటే కాఫీ ఇష్టం' అన్నది మనసులో వాక్యం. 'కంటే' అంటే 'దాన్' అని చిన్నప్పుడే బట్టీ పట్టాం కదా... వెంటనే 'ఐ ప్రిఫర్ కాఫీ దాన్ టీ' అనేస్తాం. మన దగ్గర ఇంగ్లీషు టీచర్లు ఎర్ర సిరాతో దిద్దే తప్పుల్లో ఇదొకటి. సరైన వాక్యం 'ఐ ప్రిఫర్ కాఫీ టు టీ'. 'ప్రిఫర్' పక్కన 'టు' రావాలి.

ఎందుకలా? ఈ మాట లాటిన్ నుంచి వచ్చింది. 'ప్రే' అంటే ముందు, 'ఫెర్రే' అంటే మోయడం, తీసుకురావడం. ఒకదాన్ని మరోదాని ముందుకు తెచ్చి పెట్టడమే ప్రిఫర్. ట్రాన్స్‌ఫర్, రిఫర్, ఆఫర్... ఇవన్నీ ఆ 'ఫెర్రే' కుటుంబంలోవే. లాటిన్ నుంచి వచ్చిన ఇలాంటి పోలిక మాటలు కొన్ని 'దాన్'ను దగ్గరికి రానివ్వవు. ఆఫీసుల్లో 'సీనియర్ టు మీ', 'జూనియర్ టు హిమ్' అంటాం చూడండి... అదీ ఇదే బాపతు. సుపీరియర్, ఇన్ఫీరియర్ కూడా అంతే. సీనియర్‌ని గుర్తు పెట్టుకుంటే ప్రిఫర్ తప్పిపోదు.

వస్తువుల బదులు పనులు వచ్చినా ఇదే సూత్రం. 'ఐ ప్రిఫర్ వాకింగ్ టు డ్రైవింగ్'... కారు నడపడం కంటే నడిచి వెళ్లడమే నాకిష్టం. 'ఐ ప్రిఫర్ టు వాక్ రాదర్ దాన్ డ్రైవ్' అన్నా సరిపోతుంది. మొదటి దాంట్లో రెండు వైపులా 'ఇంగ్' ఉంది. రెండో దాంట్లో ముందొక 'టు' ఉంది కాబట్టి మధ్యలో మళ్లీ 'టు' పెట్టలేక 'రాదర్ దాన్' తెచ్చుకున్నారు.

మనవాళ్లకు ఈ 'ప్రిఫరెన్స్' అన్న మాట కొత్తదేం కాదు. ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ రోజుల్లో ఇల్లంతా దీని చుట్టూనే తిరుగుతుంది. ఏ కాలేజీ ముందు, ఏ బ్రాంచి తర్వాత అని వెబ్ ఆప్షన్లు పెట్టడానికి నాన్న, బాబాయ్, పక్కింటి లెక్చరర్ గారు... అందరూ కూర్చుంటారు. పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికల్లో అభ్యర్థుల పేర్ల పక్కన 1, 2, 3 అని అంకెలు వేస్తాం. అదీ ప్రాధాన్య ఓటే. కాగితం మీద ఇంత పకడ్బందీగా వరస పెట్టగలిగినవాళ్లం, నోటితో చెప్పాల్సి వస్తే మాత్రం తడబడుతున్నాం.

రాదర్... ఓ పాత మాట కొత్త వేషం

పుస్తకాల్లో 'ప్రిఫర్' ఎక్కువ కనిపించినా ఇంగ్లీషువాళ్ల ఇళ్లలో, వీధుల్లో తరచూ వినిపించేది 'ఐడ్ రాదర్'. మన 'నయం', 'మేలు' ఉన్నాయే... వాటికి దగ్గరి చుట్టం ఇది. 'ఐడ్ రాదర్ టేక్ ద ట్రెయిన్'... రైల్లో వెళ్లడమే నయం. 'ఐడ్ రాదర్ స్టే హోమ్ దాన్ గో టు దట్ మూవీ'... ఆ సినిమాకి వెళ్లేకంటే ఇంట్లో ఉండటం మేలు. చూశారుగా, ఇక్కడ 'దాన్' వచ్చింది. మన 'కంటే' హాయిగా ఇమిడిపోయేది ఇక్కడే.

దీని వెనకా ఓ కథ ఉంది. పాత ఇంగ్లీషులో 'రేత్' అనే మాట ఉండేది. త్వరగా, పెందలాడే అని అర్థం. దానికి పోలిక రూపమే రాదర్, అంటే 'ఇంకా ముందుగా'. అసలు మాట వాడుకలోంచి జారిపోయింది, పోలిక రూపం మాత్రం మిగిలింది. పోలిక రూపం కాబట్టే పక్కన 'దాన్' వస్తుంది. తమాషా ఏంటంటే లాటిన్ నుంచి వచ్చిన ప్రిఫర్‌లోనూ 'ముందు' ఉంది, ఇంగ్లీషువాళ్ల సొంత రాదర్‌లోనూ 'ముందు' ఉంది. నచ్చినదాన్ని ముందు పెట్టుకోవడం మనుషులందరి పద్ధతేనేమో!

రాదర్‌తో జాగ్రత్తపడాల్సినవి మూడు. ఒకటి, దాని పక్కన 'టు' పెట్టకూడదు. 'ఐడ్ రాదర్ టు గో' అనకూడదు, 'ఐడ్ రాదర్ గో' అనాలి. 'ఐడ్ ప్రిఫర్' అన్నప్పుడు మాత్రం 'టు గో' అని 'టు' ఉండాల్సిందే. రెండు, వద్దని చెప్పాలంటే 'నాట్' రాదర్ తర్వాత వస్తుంది. 'ఐడ్ రాదర్ నాట్ గో'... నాకు వెళ్లాలని లేదండీ అని. మూడు, ఎదుటివాళ్లు ఏం చేస్తే బాగుంటుందో చెప్పాలంటే క్రియ భూతకాలంలోకి మారిపోతుంది. 'ఐడ్ రాదర్ యూ కేమ్ టుమారో' అంటే మీరు రేపొస్తే బాగుంటుంది అని. 'కేమ్' ఉంది కదా అని నిన్నటి సంగతి అనుకోకండి. జరగాలని కోరుకునే సంగతి కాబట్టి అలా రాస్తారు.

దీనికి పోలికలో అన్నదమ్ముడిలా కనిపించి మోసం చేసేది ఒకటుంది... 'యూడ్ బెటర్'. 'యూడ్ బెటర్ టేక్ ద బస్' అంటే బస్సులో వెళ్లడం నాకిష్టం అని కాదు. 'బస్సులోనే వెళ్లు, లేదంటే ఇబ్బంది పడతావ్' అని. అందులో సలహా ఉంది, కాస్త హెచ్చరికా ఉంది. పై అధికారితో 'యూడ్ బెటర్ సైన్ దిస్, సర్' అన్నారో... ఆయన కనుబొమలు పైకి లేస్తాయి!

మర్యాదగా కాదనడానికీ ఇవే మాటలు పనికొస్తాయి. 'నో' అని మొహాన కొట్టినట్టు చెప్పలేనప్పుడు 'ఐడ్ రాదర్ నాట్' అంటే చాలు. ఆ మర్యాద వెనక ఎంత మొండితనం దాగుంటుందో చూపించినవాడు అమెరికన్ రచయిత హెర్మన్ మెల్విల్. 1853లో అచ్చయిన 'బార్టిల్‌బీ' అనే ఆయన కథలో వాల్‌స్ట్రీట్ లాయరు ఆఫీసులో నకళ్లు రాసే గుమాస్తా ఉంటాడు. ఏ పని చెప్పినా కోప్పడడు, గొంతు పెంచడు. 'ప్రిఫర్' అన్న మాటనే అడ్డం పెట్టుకుని సుతారంగా తప్పుకుంటాడు. చివరికి ఆ మాట యజమాని నోటికీ, తోటి గుమాస్తాల నోటికీ కూడా అంటుకుంటుంది. వాళ్లకు తెలియకుండానే!

'ఆర్' ఒకటే... ప్రశ్నలు రెండు

విమానంలో అమ్మ దగ్గరికి మళ్లీ వద్దాం. 'టీ ఆర్ కాఫీ?' అంటే ఆవిడ 'ఎస్' అని ఎందుకంది? అర్థంకాక కాదు. తెలుగులో ఇందుకు రెండు వేర్వేరు ప్రశ్నలున్నాయి. 'టీ గానీ కాఫీ గానీ తీసుకుంటారా?' అని అడిగితే 'ఆఁ, తీసుకుంటాం' అనొచ్చు. 'టీయా, కాఫీయా?' అని అడిగితే ఏదో ఒకటి చెప్పాల్సిందే. మన మాటలోనే తేడా వినిపిస్తుంది. ఇంగ్లీషులో రెండింటికీ 'ఆర్' ఒక్కటే. తేడా అంతా గొంతులో. 'టీ' దగ్గర పైకి లేచి 'కాఫీ' దగ్గర కిందికి దిగితే... ఈ రెండింట్లో ఒకటి చెప్పండి అని. చివర్లో కూడా గొంతు పైకే లేస్తే... ఇలాంటిదేమైనా కావాలా అని. అందుకే 'ఆర్' వినపడగానే 'ఎస్' అనే బదులు వస్తువు పేరు చెప్పడం అలవాటు చేసుకుంటే పొరపాటుకు తావుండదు. 'కాఫీ, ప్లీజ్'... రెండే మాటలు!

అమెరికాలో దిగాక ఈ ప్రశ్నలు ఇంకా పెరుగుతాయి. తినడానికి వెళ్తే 'ఫర్ హియర్ ఆర్ టు గో?' అంటారు. ఇక్కడే తింటారా, పార్సిల్ కట్టాలా అని. బ్రిటన్‌లో అదే ప్రశ్న 'ఈట్ ఇన్ ఆర్ టేక్ అవే?' అవుతుంది. గుడ్డు తెమ్మంటే ఎలా వేయాలి, బ్రెడ్డు అంటే ఏ బ్రెడ్డు, కాఫీలో పాలు పోయాలా వద్దా... ఒక్క టిఫిన్‌కి ఇన్ని ప్రశ్నలా అని కంగారు పుడుతుంది. అన్నింటికీ 'ఓకే, ఓకే' అంటే చివరికి ప్లేట్లో ఏమొస్తుందో దేవుడికెరుక. శాకాహారులకైతే ఇది మరీ ముఖ్యం. 'ఐ డోంట్ ఈట్ మీట్ ఆర్ ఎగ్స్' అని ముందే చెప్పేయడం మొహమాటపడాల్సిన విషయం కాదు.

'వద్దు' అంటే వద్దనే!

మన ఇళ్లకు ఎవరైనా వస్తే జరిగే తంతు తెలిసిందే. 'కాఫీ తాగుతారా వదినగారూ?' 'అబ్బే, వద్దండీ... ఇప్పుడే తాగి బయల్దేరాం.' 'అలాగంటే ఎలా, కాస్త తీసుకోండి.' 'ఎందుకండీ మీకు శ్రమ...' 'శ్రమేముంది, పాలు పొయ్యి మీదే ఉన్నాయి.' 'సరే, సగం గ్లాసు చాలు.' మొదటి 'వద్దు' మర్యాద కోసం. రెండోది మొహమాటం కోసం. మూడోసారికి గానీ అసలు జవాబు రాదు. అడిగేవాళ్లకూ అది తెలుసు కాబట్టే మూడుసార్లు అడుగుతారు.

ఇంగ్లీషు మాట్లాడే ఇళ్లలో చాలాచోట్ల ఈ లెక్క చెల్లదు. ఒక్కసారే అడుగుతారు. 'నో, థాంక్యూ' అంటే వద్దనే అర్థం. బలవంతపెట్టడం అక్కడ మర్యాద కాదు. పాపం, రెండోసారి అడుగుతారేమోనని చూసి చూసి, గొంతు ఎండబెట్టుకుని తిరిగొచ్చే పెద్దవాళ్లున్నారు. కావాలంటే మొదటిసారే 'ఎస్, ప్లీజ్' అనేయడమే మేలు. 'ఇఫ్ ఇట్స్ నో ట్రబుల్' అని తోక తగిలిస్తే మన 'మీకు శ్రమేమో' కూడా అందులో వచ్చేస్తుంది.

'వుడ్ యూ మైండ్' అని మొదలయ్యే ప్రశ్నలు మరో రకం. 'వుడ్ యూ మైండ్ ఓపెనింగ్ ద విండో?' అంటే కిటికీ తెరిస్తే మీకేమైనా ఇబ్బందా అని. 'ఎస్' అంటే ఇబ్బందే అని చెప్పినట్టు. 'నాట్ ఎట్ ఆల్' అని లేచి తెరవాలి.

సరే, నిజంగానే ఏదైనా పర్లేదనుకున్నప్పుడు? దానికీ పద్ధతుంది. రెండింట్లో ఏదైనా సరే అనడానికి 'ఐదర్ ఈజ్ ఫైన్'. అంతకంటే ఎక్కువుంటే 'ఎనీ ఆఫ్ దెమ్ ఈజ్ ఫైన్'. నాకు అభ్యంతరం లేదనడానికి 'ఐ డోంట్ మైండ్'. నిర్ణయం మీదే అనడానికి 'ఇట్స్ అప్ టు యూ'. ఇవన్నీ మర్యాదే. 'ఐ డోంట్ కేర్' మాత్రం అనకూడదు. అది 'నాకేం లెక్కలేదు' అన్నట్టుంటుంది. 'మీ ఇష్టం' అన్నదాన్ని 'యువర్ విష్' అని మార్చేయడమూ మనకు అలవాటే. వినేవాళ్లకు అది అలిగినట్టో, విసుక్కున్నట్టో తోస్తుంది.

పరీక్షలోనూ ఇదే ప్రశ్న

విదేశాల్లో చదువుకోవాలనుకునే పిల్లలకు ఇది మార్కుల విషయం కూడా. కొన్నేళ్లపాటు టోఫెల్ మాట్లాడే పరీక్షలో రెండు విషయాలిచ్చి నువ్వు దేన్ని ఎంచుకుంటావ్, ఎందుకు అని అడిగేవారు. ఆలోచించుకోవడానికి 15 సెకన్లు, చెప్పడానికి 45 సెకన్లు. ఐఈఎల్‌టీఎస్‌లో మాట్లాడే పరీక్ష 11 నుంచి 14 నిమిషాలు ఉంటుంది. మూడు భాగాలు. అందులోనూ ఇంట్లో ఉండటం ఇష్టమా, బయట తిరగడం ఇష్టమా లాంటి ప్రశ్నలు ఎదురవుతుంటాయి. 'రెండూ బాగానే ఉంటాయి' అని ఊరుకుంటే ఇంక మాట్లాడటానికి ఏముంటుంది? ఒకటి చెప్పి, 'బికాజ్' అని రెండు కారణాలు చెబితే భాష ఎంతొచ్చో తెలుస్తుంది. అక్కడ చూసేది ఏది ఎంచుకున్నారన్నది కాదు, దాన్నెలా చెప్పారన్నది.

మన పిల్లలు ఇక్కడే ఆగిపోతుంటారు. ఇంగ్లీషు రాక కాదు... కారణం రాక. ఎందుకిష్టం అని అంతకుముందెప్పుడూ ఎవరూ అడిగి ఉండరు!

అమ్మ చెబితే చాలా?

ఎంచుకోవడం అనే దానిపైనే ఏళ్ల తరబడి పరిశోధనలు చేసిన ఆచార్యులు షీనా అయ్యంగార్. అమెరికాలోని కొలంబియా యూనివర్సిటీలో ప్రొఫెసర్. మన దేశం నుంచి వలస వెళ్లిన సిక్కు దంపతుల కూతురు. చూపు లేదు. ఆమె, మార్క్ లెపర్ కలిసి 1999లో ప్రచురించిన పరిశోధన ఒకటి ఆసక్తిగా ఉంటుంది. చిన్నపిల్లలకు అక్షరాలు కలిపి మాటలు చేసే ఆటలిచ్చారు. కొందరికి ఆటను ఎంచుకునే అవకాశం ఇచ్చారు. కొందరికి మీ అమ్మే దీన్ని ఎంచింది అని చెప్పారు. తెల్లజాతి అమెరికన్ పిల్లలు తామే ఎంచుకున్నప్పుడు బాగా ఆడారు. ఆసియా మూలాలున్న పిల్లలు అమ్మ ఎంచిందన్నప్పుడు ఇంకా బాగా ఆడారు. అంటే 'మీ ఇష్టం' అనడం అన్నిసార్లూ చేతకానితనం కాదు. మనవాళ్ల మీద నమ్మకం కూడా కావచ్చు.

అలాగని ఎన్ని ఎక్కువుంటే అంత మంచిదనీ కాదు. ఈ ఇద్దరే 2000లో మరో ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. కాలిఫోర్నియాలోని ఓ దుకాణంలో ఒకసారి 24 రకాల జామ్‌లు రుచి చూడమని పెట్టారు, మరోసారి 6 రకాలే పెట్టారు. 24 ఉన్నప్పుడు ఎక్కువమంది ఆగి చూశారు. కొన్నది మాత్రం ఆగినవారిలో 3 శాతమే. 6 ఉన్నప్పుడు ఆగినవారిలో 30 శాతం కొన్నారు. తర్వాత వేరేవాళ్లు చేసిన ప్రయోగాలన్నింట్లోనూ ఇదే ఫలితం రాలేదనుకోండి. అయినా చీరల కొట్లో గుట్టలు గుట్టలుగా చీరలు పరిపించి చివరికి ఏదీ కొనకుండా లేచొచ్చిన అనుభవం ఎవరికి లేదు?

నేర్పేది ఇంట్లోనే

ఇంగ్లీషు వాక్యాలు నేర్చుకోవడం పెద్ద పనేం కాదు. నాలుగు రోజుల్లో వచ్చేస్తాయి. వాటితో చెప్పడానికి ముందు మనసులో ఓ ఇష్టం ఉండాలి కదా! ఆ అలవాటు తెలుగులోనే మొదలవ్వాలి. పిల్లల్ని 'ఇడ్లీయా, దోసెయా?' అని అడిగి వదిలేయకుండా 'ఎందుకూ?' అని కూడా అడగండి. పుట్టినరోజుకు చొక్కా మీరే తెచ్చే బదులు రెండు చూపించి ఒకటి తీసుకోమనండి. ఇరవయ్యో, ముప్పయ్యో చూపించనక్కర్లేదు... రెండు చాలు.

అసలు చేయాల్సింది చేసి చూపించడం. సాయంత్రం భోజనాల దగ్గర ఓ పావుగంట సరదాగా ఆడొచ్చు. ఒకరు ప్రశ్న వేయాలి, మరొకరు 'ఐడ్ రాదర్' అంటూ జవాబివ్వాలి. 'బికాజ్' అని ఓ కారణం చెప్పాలి. పప్పుచారా, సాంబారా? వానా, ఎండా? పల్లెటూరా, పట్నమా? తాతయ్య తప్పు చెప్పినా నవ్వకూడదన్నదొక్కటే నియమం.

అప్పుడు ఇంటర్వ్యూకు వెళ్లే కుర్రాడు 'ఐడ్ ప్రిఫర్ హైదరాబాద్, బట్ ఐయామ్ ఓపెన్ టు అదర్ ప్లేసెస్' అనగలుగుతాడు. అందులో ఇష్టమూ ఉంది, వినయమూ ఉంది. అడిగినంత మాత్రాన అక్కడే ఇస్తారని కాదు... అడగకపోతే తెలిసేదెలా? మోకాళ్ల నొప్పుల పెద్దాయన 'వాట్ వుడ్ యూ రెకమెండ్, డాక్టర్?' అని ముందు డాక్టరు మాట వింటాడు. ఆగడానికి వీలుందంటే 'ఐడ్ రాదర్ ట్రై ఫిజియోథెరపీ ఫస్ట్' అంటాడు. డాక్టరు మీద గౌరవం తగ్గదు. కాళ్ల మీద తన హక్కూ పోదు.

మరి ఆ అమ్మ?

అమెరికాలో దిగిన వారానికి కూతురు, అల్లుడు ఆవిణ్ని కాఫీ కొట్టుకు తీసుకెళ్లారు. పెద్ద మనవరాలు చేయి పట్టుకుని గోడమీద జాబితా చూపిస్తూ 'అమ్మమ్మా, నీకేది కావాలి?' అంది. 'ఏదైనా పర్లేదమ్మా, మీరేది తాగితే అదే' అందావిడ. అలవాటుగా. పిల్ల ఒప్పుకోలేదు. 'మేం తాగేది కాదు, నీకేది ఇష్టం?' అని మళ్లీ అడిగింది. ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు. పెళ్లయి ముప్పయ్యేళ్లు దాటింది. ఇంట్లో ఎవరికి ఏ కూర ఇష్టమో, ఎవరి కాఫీలో చక్కెర ఎంతో అన్నీ ఆవిడకు తెలుసు. నీకేది ఇష్టం అని తెలుగులో కూడా అడిగినవాళ్లు తక్కువే.

తర్వాత కౌంటరు దగ్గరికి తనే వెళ్లింది. మనవరాలు నేర్పిన వాక్యాన్ని ఒకటికి రెండుసార్లు లోపల అనుకుని, పైకి చెప్పింది.

'ఐడ్ లైక్ ఎ కాఫీ, ప్లీజ్. నాట్ టీ!'